జేబులో ఫ్యూజులు

ప్లగ్గు పెట్టాక బోర్డు మీది చిన్న దీపం మిణుకుమనేదాకా ఆదిమూలం వేలు తీయలేదు. నల్లటి చిప్పు మీద చూపుడువేలు ఆనించి వేడి చూడటం అతని అలవాటు. ముప్పై ఏళ్లు మోటార్లకు తీగ చుట్టి వార్నీషు పూసిన వేలు అది. గోరు చుట్టూ పట్టిన గోధుమరంగు ఏ సబ్బుకూ వదల్లేదు. పాకాలలో వైండింగు షాపు మూతపడ్డాక అతన్ని తిరుపతికి తెచ్చి ఈ మేడమీద గదిలో కూర్చోబెట్టినవాడు గిరిప్రసాద్. "చదువుకున్నోళ్లు పదిమంది దొరుకుతారన్నా, నీ చెయ్యి నాకు యాడ దొరుకుతాది?" అన్నాడు ముప్పై నిండని ఆ ఇంజనీరు. ఆ ఒక్క మాటకే ఆదిమూలం కరిగి నీరైపోయాడు. మెచ్చుకోలు ఎరగని మనిషి, ఏం చేస్తాడు పాపం!

అరచేతిలో ఇమిడే పచ్చటి బోర్డు. లోపల కంప్యూటర్లను నడిపే లినక్స్ నడుస్తుందట. దానికో సెల్ సిమ్ము తగిలిస్తే, తిరుపతిలో కంప్యూటర్ నొక్కినప్పుడు ఎక్కడో పల్లెలో బావి మోటారు తిరుగుతుంది. కరెంటు పోయి వచ్చినా రైతు పరుగెత్తనక్కర్లేదు. అంతకుముందు మోటారు ఆడుతూ ఉందని బోర్డుకు గుర్తుంటే, మళ్లీ అదే ఆడిస్తుంది. రెండువేల తొమ్మిదిలో ఇదంతా వినడానికే గొప్పగా ఉండేది. కానీ ఆ పొద్దున ఆ గుర్తే కొంప ముంచేలా కనిపించింది.

బల్ల మీద మోటారుకు బదులు నూరు వాట్ల బల్బు పెట్టుకున్నాడు. వెలిగించి, కాసేపుంచి ఆపాడు. అంతలో కరెంటు పోయి వచ్చింది. బోర్డు నలభై సెకన్లు తీసుకుని లేచింది. ఎవరూ నొక్కకుండానే బల్బు భగ్గుమని వెలిగింది.

"సార్, ఇది దానంతట అదే వెలిగింది సూడండి!"

గిరిప్రసాద్ తెర మీంచి తల ఎత్తలేదు. "ఆడతా ఉండాదా, ఆగిందా అని అది ఐదు నిమిషాలకొకతూరి రాసుకుంటాదన్నా. ఊరికే రాస్తా ఉంటే లోపలి మెమరీ కార్డు చెడిపోతాది. నువ్వు ఆపినావు, అది రాసుకునే లోపల కరెంటు పోయింది. పాత సంగతే గుర్తుండాది దానికి. రేపు సరిచేస్తాలే."

"బల్బు గాబట్టి సరిపోయింది. మోటారైతే?"

"మోటారు కాడ నువ్వుంటావు గదా!" అని నవ్వాడు గిరిప్రసాద్. ఆదిమూలానికి నవ్వు రాలేదు.

మోటారు ముట్టుకోవాలంటే ఆదిమూలానికి ఒకటే పద్ధతి. స్టార్టర్ పెట్టె పక్కనున్న మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకోవాలి. స్విచ్చు ఒక్కటీ ఆపితే చాలదు, తెలియక ఎవడో ఒకడు వేస్తాడు. ఫ్యూజులు జేబులో ఉంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా కరెంటు రాదు. ఆ బరువుకు జేబులు చిరిగిపోతుంటే భార్య రుక్మిణమ్మ తిట్టుకుంటూనే లోపల రెండో గుడ్డ వేసి కుట్టేది. ఇన్నేళ్లలో ఒక్క షాకు తిన్న పాపాన పోలేదు మనిషి.

మధ్యాహ్నం రెండింటికి అతను పాకాల దగ్గర చెంగయ్య అనే రైతు బావి కాడ ఉన్నాడు. గట్టు మీద రేకుల గదిలో స్టార్టరూ, దాని పక్కనే బోర్డూ. మోటారు మాత్రం బావిలో పదిహేను మెట్లు దిగితే, రాతి అరుగు మీద. తిరుపతిలో గిరిప్రసాద్ తెర ముందు పెట్టుబడి పెట్టేందుకు బెంగళూరు నుంచి వచ్చిన ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లు సరేనంటే మేడమీద గది నిలుస్తుంది, కాదంటే నెలాఖరుకు తాళం. ఆ సంగతి గిరిప్రసాద్ ఎవరి దగ్గరా దాచలేదు.

అక్కడ నొక్కారు. ఇక్కడ మోటారు మూలిగింది గానీ చుక్క నీరు తోడలేదు.

ఆదిమూలం ఫోనందుకున్నాడు. "తీగ వదులైనట్టుండాది సార్. ఆపండి. ఫ్యూజులు పీకి, దిగి బిగిస్తా."

"ఆపేసినాను. ఫ్యూజులు మాత్రం పీకొద్దన్నా! పీకితే బోర్డూ ఆరిపోతాది. ఈడ తెర సచ్చిపోతే వీళ్లకింకేం సూపించేది?"

"అట్లయితే ఐదు నిమిషాలు తాళండి. ఆపిన సంగతి రాసుకోనీండి దాన్ని."

"వాళ్లు గడియారం సూసుకుంటా ఉండారన్నా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆ మాట అనకూడదు. అన్నం పెట్టే మనిషి కాళ్లు పట్టుకుంటానన్నాక ఆదిమూలం లాంటివాడు ఇక కాదనగలడా? ఫ్యూజు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భయమేసింది. నిజంగానే భయమేసింది.

"చెంగయ్యా, ఈ పెట్టె మీద చెయ్యి వెయ్యబాకప్పా" అని చెప్పి, ఫోను గూట్లో పెట్టి, మెట్ల మీద పాచి ఉందని చెప్పులు విడిచి దిగాడు.

చెంగయ్య చెప్పిన మాట వినే మనిషి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గదిలో బల్బు ఒకసారి ఆరి, వెంటనే వెలిగింది. ఆ ఊళ్లో కరెంటు రోజుకు ఇరవైసార్లు అట్లా కన్ను కొడుతుంది, ఎవరు పట్టించుకుంటారు? బోర్డు మీది దీపం కూడా ఆరి, కాసేపటికి మిణుకుమనడం మొదలుపెట్టింది. బావిలోంచి ఆదిమూలం గొంతు తాపీగా వచ్చింది.

"రెండు బిగించినానప్పా. ఈ మూడోదే, మర అరిగిపోయుండాది."

"నిదానంగా కానీబ్బా, తొందరేముండాది?"

పెట్టెలో ఠప్పుమని చప్పుడైంది. చెంగయ్య చేతులు వెనకే ఉన్నాయి.

మోటారు ఈసారి మూలగలేదు. చక్కగా తిరిగింది. గొట్టంలోంచి తొట్టిలోకి తెల్లగా నీళ్లు దూకాయి. "వచ్చినాయబ్బా నీళ్లు!" అని చెంగయ్య సంబరంగా కేకేశాడు. కిందినుంచి బదులు రాలేదు. ఇంకోసారి పిలిచాడు. గూట్లో ఫోను మోగి, ఆగి, మళ్లీ మోగింది. తిరుపతిలో తెర మీద మోటారు గుర్తు పచ్చబడటం చూసి ముగ్గురూ చప్పట్లు కొట్టారు. తాను నొక్కలేదని ఒక్క గిరిప్రసాద్‌కే తెలుసు. అందుకే ఆపకుండా ఫోను చేస్తున్నాడు.

పొద్దు వాలేలోపు నలుగురు కలిసి ఆదిమూలాన్ని మెట్ల మీదుగా పైకి మోసుకుపోయారు. అరుగు మీద మోటారు మూత వెల్లకిలా పడి ఉంది. అందులో నాలుగు చిన్న మరలు, బావిలోకి దొర్లిపోకుండా ఒక మూలకు చేర్చి పెట్టి ఉన్నాయి.