అతుకు ఎక్కడ వేసినట్టు?

మొదటి పేజీ ప్రకారం ఆ పాప గుండెలో చిల్లు మూసేశారు. రెండో పేజీలో చిల్లు ఊసే లేదు. మూడో పేజీ చివర మాత్రం "అతుకు బాగా నిలిచింది, రక్తం కారడం లేదు" అని ఉంది. కొత్తమ్మాయి ఆ పాత ఆపరేషన్ రిపోర్టును మళ్ళీ మొదటినుంచి చదివింది. ఏదో ఒక పేజీ మనసు మార్చుకుంటుందేమోనని ఆశ. ఏదీ మార్చుకోలేదు.

ఆ గదిలో ఆమెను అందరూ కొత్తమ్మాయి అనే పిలుస్తారు. చేరి చాలా కాలమే అయింది గానీ, ఆమె తర్వాత ఎవరూ చేరకపోవడంతో ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. ఆసుపత్రి మెట్ల కింద కిటికీ లేని గది. ఏసీలోంచి కారే నీళ్ళకు గుమ్మం పక్కన ఒక బకెట్టు. పైన థియేటర్లో డాక్టర్లు చేసిన ప్రతి పనినీ ఈ గదిలో వాళ్ళు అంకెల్లోకి మారుస్తారు. జబ్బుకో కోడ్, ఆపరేషన్‌కో కోడ్. ఇన్సూరెన్సు కంపెనీకి ఏ రోగి ముఖమూ తెలియదు, ఆ అంకెలే తెలుసు.

ఈ పాపకు రేపు పొద్దున్నే ఆపరేషన్. పుట్టుకతోనే గుండె కింది గదుల మధ్య చిల్లు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఇక్కడే ఒకసారి ఆపరేషన్ చేశారు. అప్పుడు ఈ గదినుంచి వెళ్ళిన కోడ్‌కి అర్థం, చిల్లు మూసేశామని. ఇప్పుడు అదే చిల్లు మూస్తామనేసరికి కంపెనీవాళ్ళకు తిక్క రేగింది. మూసినదాన్ని మళ్ళీ మూయడమేమిటి, సాయంత్రంలోగా తేల్చండి, లేకపోతే అనుమతి ఇవ్వబోమన్నారు. అనుమతి రాకపోతే రేపటి ఆపరేషన్ లేనట్టే. మళ్ళీ థియేటర్ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు.

"అక్కా, అప్పుడు ఈ కోడ్ వేసిందెవరు?"

పక్క కుర్చీలోని సూపర్వైజరక్క కళ్ళజోడు పైకి తోసుకుంది. "నేనే అయ్యుంటాను. ఆ రోజుల్లో గుండె ఫైళ్ళన్నీ నా నెత్తినే ఉండేవి. ఏం, కొంప ముంచానా?"

"ముంచారో లేదో కూడా అర్థం కావట్లేదక్కా."

"అయితే డాక్టరుగార్నే అడుగు. కానీ గుర్తుంచుకో, మనం అడగాలంతే, చెప్పించకూడదు."

అక్కడే వచ్చింది చిక్కు. "చిల్లు మూయలేదు కదండీ?" అని అడిగితే జవాబు తామే అందించినట్టవుతుంది. కంపెనీవాళ్ళు ఆ జవాబును ఒప్పుకోరు. అందుకని కొత్తమ్మాయి ఆచితూచి రాసింది: "అప్పటి ఆపరేషన్‌లో చిల్లు విషయమై ఏం చేశారో దయచేసి స్పష్టం చేయగలరు."

అప్పుడు ఆ ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు ఇప్పుడు వేరే ఆపరేషన్‌లో ఉన్నారు. థియేటర్ నర్సు ఆయనకు చదివి వినిపించి, ఫోన్ చేసింది.

"చేయాల్సింది చేశానని చెప్పమన్నారమ్మా."

"అంటే మూ..." కొత్తమ్మాయి నాలుక కరుచుకుంది. "అంటే, ఏం చేశారటండీ?"

"అదే కదా చెప్పాను. మిగతాది రిపోర్టులో ఉంది, చూసుకోమన్నారు."

"రిపోర్టులో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందండీ."

"అయితే రెండూ చేసుంటారు," అని నర్సు ఫోన్ పెట్టేసింది.

కొత్తమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. అప్పుడే గుమ్మంలో ఒక పెద్దావిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్ల కనిపించారు.

"అమ్మాయ్, మా మనవరాలి హోలు మీ దగ్గర ఉందట?"

"మా దగ్గరేంటండీ?"

"పైన కౌంటర్లో అబ్బాయి చెప్పాడు. హోలు సంగతి కింద గదిలో తేలాలి, అక్కడ అడగండీ అని. ఒక్క మాట చెప్పు డాక్టరమ్మా. మూశారా, మూయలేదా?"

"నేను డాక్టర్ని కాదు అమ్మమ్మగారూ."

"మరి గుండె ఫైలు నీ దగ్గరెందుకుంది?"

అమ్మమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అప్పుడు ట్యూబన్నారు, ప్యాచన్నారు, పెద్దయ్యాక మళ్ళీ తీసుకురమ్మన్నారు. మా అల్లుడు మూసేశారంటాడు. మా అమ్మాయి మూయలేదంటుంది. ఇద్దరిదీ ఒకటే పోరు. నేను ఎటు తలూపాలో తెలీక రెండువైపులా ఊపుతున్నా."

పాప బకెట్టులో చినుకులు చూడ్డానికి పరిగెత్తింది. రెండడుగుల దూరం ఉందనగా ఆగిపోయి, మోకాళ్ళు గుండెకు హత్తుకుని గొంతుక్కూర్చుంది. పెదాలు సిరా అంటినట్టు నీలంగా మారాయి.

"కంగారు పడకు. అలా కాసేపు కూర్చుంటే ఊపిరి కుదురుకుంటుంది. ఎవరూ నేర్పలేదు, దానికదే నేర్చుకుంది," అంది అమ్మమ్మ.

కొత్తమ్మాయి ఆ సంగతి చదువుకునే రోజుల్లో పుస్తకంలో చదివింది. చూడటం ఇదే మొదలు. ఈ జబ్బులో చిల్లు మూసి, దారి వెడల్పు చేశాక పిల్లలు ఇలా కూర్చోరు. మరి చిల్లు తెరిచే ఉంటే, నిలిచిన ఆ అతుకేమిటి? కళ్ళతో చూసింది కోడ్‌కి ఆధారం కాదు, డాక్టరు రాసి ఉండాలి. ఆమె పాపవైపు చూసింది, కంప్యూటర్ తెరవైపు చూసింది. అందరూ చిల్లు గురించే కొట్టుకుంటున్నారు. అతుకు ఎక్కడ వేశారని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

గబగబా పాప ఫైల్లో ఈమధ్య డాక్టర్లు రాసిన చీటీలు వెతికింది. "ఆడుతూ ఆడుతూ గొంతుక్కూర్చుంటోంది" అని చిన్న డాక్టరు రాసిన మాట దొరికింది. దాన్ని ఉన్నదున్నట్టు పైన పెట్టి, కింద కొత్త ప్రశ్న రాసింది: "మూడో పేజీలో చెప్పిన అతుకు ఎక్కడ వేసింది? చిల్లు మీదా, ఊపిరితిత్తులకు వెళ్ళే నాళం మీదా, మరోచోటా, ఇప్పుడు చెప్పలేరా?"

అక్క రెండుసార్లు చదివింది. "అన్ని దారులూ తెరిచే పెట్టావు. పంపు."

ఈసారి పెద్ద డాక్టరే ఫోన్ చేశారు.

"నాళం మీదమ్మా. సన్నగా ఉంటే అతుకేసి వెడల్పు చేశాం, ఊపిరితిత్తులకు ఇంకాస్త రక్తం అందేలా ట్యూబు పెట్టి బయటపడ్డాం. బిడ్డ అంతకుమించి తట్టుకునేలా లేదు. చిల్లు ముట్టుకోనేలేదు. మొదటి పేజీలో చిల్లు మూత అని ఎవరు రాశారు?"

"మీరే అనుకున్నానండీ."

"నేను మీరనుకున్నానే!"

పక్కనుంచి వింటున్న అక్కే చివరికి గుర్తు తెచ్చుకుంది. మొదటి పేజీ తలకట్టు, అంటే పైన ఉండే ఆపరేషన్ పేరు, ముందురోజే థియేటర్ బుక్ చేసేవాళ్ళు రాసేస్తారు. లోపల పని మారినా ఆ తలకట్టును ఎవరూ మార్చరు. తను తలకట్టు చూసే కోడ్ వేసి ఉంటుంది.

"అదే మాట రిపోర్టులో రాసి సంతకం పెట్టండి సార్," అంది కొత్తమ్మాయి. ఆయన రాశారు. ఆమె పాత కోడ్ తీసేసి సరైనది వేసి పంపింది. పొద్దుగూకకముందే అనుమతి వచ్చింది.

"అమ్మమ్మగారూ, చిల్లు మూయలేదట."

"మూయలేదా! అమ్మయ్య, అయితే రేపు మూస్తారన్నమాట!" అని అమ్మమ్మ మనవరాలిని ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. తనూ సంతోషపడాలో వద్దో కొత్తమ్మాయికి అర్థం కాలేదు. గుండెలో చిల్లు ఉందంటే ఇంత ఆనందించిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"పైకొచ్చి మా అల్లుడికి నువ్వే చెప్పు తల్లీ. నేను చెబితే నమ్మడు."

"వస్తానండీ, ఒక్క నిమిషం."

ప్రింటరు లోంచి రేపటి థియేటర్ కాగితాలు వస్తున్నాయి. అన్నిటికన్నా పైన ఈ పాపదే. తలకట్టు అప్పుడే అచ్చయిపోయింది: చిల్లు మూత.

పాప అమ్మమ్మ చంకలోంచి దిగి, మళ్ళీ బకెట్టు దగ్గర మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. కొత్తమ్మాయి కాగితాన్నీ పాపనూ మార్చి మార్చి చూసింది.

"అక్కా, ఇది నిజమా, అబద్ధమా?"

"రేపు మధ్యాహ్నం అడుగు," అంటూ అక్క బకెట్టు ఒంపడానికి లేచింది.