వైరు లేని నాబ్

2022 జూలై 13, బుధవారం. వరంగల్‌లో వారం కింద పట్టిన ముసురు ఇంకా విడవలేదు. గాలి లేదు, ఉరుము లేదు. సన్నగా, ఆగకుండా, పని లేనివాడి మాటల్లాగ కురుస్తూనే ఉంది.

మండిబజార్‌లో ఆజం తన దుకాణం షట్టర్ సగమే ఎత్తి, వంగి లోపలికి పోయి, ఎప్పటిలాగే ముందుగా ఒక అల్యూమినియం రేకును గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఒకే దిక్కున రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే రేకు మీద వెలుగు చెదిరిపోతుంది. డాక్టర్ల నేమ్‌ప్లేట్లు, వకీళ్ల నేమ్‌ప్లేట్లు, బడుల్లో ఇచ్చే షీల్డులు, ఇవీ ఆ దుకాణం పనులు. ఒకప్పుడు ఇత్తడి సీళ్లు కూడా చేసేవాళ్లు. సీలు సంగతి కొంచెం చెప్పుకోవాలి. లక్క మీద గుద్దే సీలును తిరగేసి చెక్కాలి, అద్దంలో కనబడినట్టు. ఆజం చిన్నప్పుడే తండ్రి దగ్గర అది నేర్చాడు. కుడిని ఎడమ చెయ్యడం ఆ చేతికి ఊపిరి తీసినంత సులువు. ఇప్పుడు లక్క సీళ్లు అడిగేవాళ్లు లేరు. నేమ్‌ప్లేట్లలోనూ సగం స్టిక్కర్ల పాలయ్యాయి. ఆ స్టిక్కర్లు కత్తిరించే షాపు హన్మకొండలో పెట్టింది ఎవరో కాదు, ఆజం కొడుకు నాసిరే.

ఆ ఎండాకాలంలో ఆజం కుడిచెయ్యి వణకడం మొదలైంది. దవాఖానలో గోళీలు రాసిచ్చి, పూర్తిగా తగ్గేది కాదని చెప్పారు. ఇంట్లో ఆయన ఆ మాట చెప్పలేదు. కానీ భార్య షహజాదీ చాయ్ సగం కప్పే పొయ్యడం మొదలుపెట్టింది. ఆయనా ఎందుకని అడగలేదు.

ఆజం దిగులు వేరే. కూతురు సుమేరా బీకాం అయిపోయినప్పటి నుంచి "నాకు పని నేర్పు అబ్బా" అని వెంటపడుతోంది. రేకు మీద అక్షరం చెక్కడం నోటితో చెప్పి నేర్పేది కాదు. నేర్పేవాడి చెయ్యి నేర్చుకునేవాళ్ల చెయ్యి మీద ఉండాలి, ఉలి ఎంత ఒరగాలో, ఎక్కడ ఆగాలో ఆ బరువుతోనే తెలియాలి. వణికే చెయ్యి పెట్టి ఏం నేర్పుతాడు? వణుకునే నేర్పుతాడు. అందుకని రేపు, ఎల్లుండి అంటూ దాటేస్తున్నాడు. తన చేతితోనే ఆ పని ముగిసిపోతుందేమోనన్నది ఆయన లోపలి భయం.

ఆ రోజు రుద్దుతున్న రేకు సుదర్శన్‌ది. ఖిలా వరంగల్‌లో ఒకప్పుడు టీవీలు బాగుచేసిన సుదర్శన్, టీవీలు బాగుచేయించుకునే రోజులు పోయాక ఇంట్లో సింథసైజర్లు కట్టడం పట్టుకున్నాడు. సింథసైజర్ అంటే కరెంటుతో ధ్వని పుట్టించే పెట్టె. తీగ లేదు, తోలు లేదు, ఊదే రంధ్రం లేదు. లోపల సర్క్యూట్, బయట నాబ్‌లు. ఒకటి తిప్పితే స్వరం పైకి పోతుంది, ఇంకొకటి తిప్పితే గరుకు పోయి నున్నగా అవుతుంది. లోపలిదంతా సుదర్శన్ పని, ముందు పలక ఆజం పని. రంధ్రాలు వెయ్యాలి, నాబ్ చుట్టూ అంకెలు, కింద పేరు చెక్కాలి, చెక్కిన గాట్లలో నల్లరంగు నింపి కిరోసిన్ గుడ్డతో తుడవాలి. సుదర్శన్ మొదట కట్టిన పెట్టెకు అట్టముక్క పలకే ఉండేది. దాన్ని చూసినవాళ్లంతా ఇన్వర్టరా అని అడిగారు. ఆజం పలక బిగించినాక అదే పెట్టెను చూసి వాయించి చూపించమన్నారు. మనిషికైనా అంతే కదా, మొహం చూశాకే మాట వింటారు.

ఈ పెట్టె యాకయ్య కోసం. పాలంపేట దగ్గర పల్లెలో ఒగ్గుకథ మేళంలో యాకయ్య నపీర ఊదేవాడు. నపీర సన్నాయికి తమ్ముడిలాంటిది, దానికి గుండెల నిండా ఊపిరి కావాలి. యాకయ్యకు ఆయాసం పట్టుకుంది. ఊదలేకపోయినా మేళం వదలనన్నాడు. వేళ్లతో వాయించే నపీర కావాలని సుదర్శన్ దగ్గరికి వచ్చాడు. నాబ్‌ల పేర్లు తెలుగులో ఉండాలన్నది ఆయన పట్టు.

"దీన్ని ఫిల్టర్ అంటరు. గరుకు ఆపి నున్నటిది వదుల్తది," అన్నాడు సుదర్శన్.

"అంటే జల్లెడ," అన్నాడు యాకయ్య.

"జల్లెడేంది కాకా? నవ్వుతరు."

"నవ్వనియ్యి. నీ ఫిల్టర్‌కు ఏడ్సినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

అలా ఫిల్టర్‌కు జల్లెడ, స్వరానికి ఎత్తు, శబ్దానికి సద్దు అనే పేర్లు ఖాయమయ్యాయి. పలక కుడిచేతి పై మూల మాత్రం ఖాళీగా ఉంచి, అక్కడ మేళం పేరు చెక్కాలనుకున్నారు.

ముసురుకు వెలుతురు తక్కువగా ఉంది. ఆజం సుదర్శన్ గీసిచ్చిన కాగితాన్ని రేకుకు అతికించి, చేతిని చేతితో పట్టుకుని మొదటి రంధ్రం డ్రిల్ చేశాడు. రేకు తిప్పి చూసేసరికి తప్పు తెలిసింది. కాగితాన్ని అతికించింది రేకు వెనకవైపు. సీళ్లు చెక్కిన చెయ్యి కదా, అద్దంలో చూసినట్టే చేసుకుపోయింది. ఎడమ మూలన పడాల్సిన రంధ్రం కుడి మూలన పడింది, సరిగ్గా మేళం పేరు ఉండాల్సిన చోట.

సుదర్శన్ వచ్చి చూశాడు. "పోనీ తియ్యి ఆజం భాయ్. ఇంకో రేకు కోద్దాం."

"మా అబ్బాజాన్ దగ్గర గా రివాజు లేదు. తప్పు పడ్డ రేకును పారెయ్యొద్దు, పడ్డ రంధ్రాన్ని ఖాళీగ ఉంచొద్దు. ఏదన్న పెట్టాలె."

"ఏం పెడ్తవ్? నా సర్క్యూట్‌ల ఇంకో కంట్రోల్ లేదు."

"ఉత్తదే పెట్టు. వైరు ఇయ్యకు."

సరేనని సుదర్శన్ అక్కడ ఒక కంట్రోల్ బిగించి, వెనక ఏ వైరూ కలపకుండా వదిలేశాడు. మిగతావన్నీ కలిపి స్విచ్ వేశాడు. పెట్టె కర్రలాగ నిటారుగా ఒకే స్వరం పలికింది. ఆజం కొత్త నాబ్ గట్టిగా పట్టిందా లేదా అని దాన్ని కుడికి తిప్పాడు.

స్వరం వణికింది. మెల్లగా, అందంగా, ముసలావిడ జోలపాటలా వణికింది. ఆజం చేతి వణుకు ఆగిపోయింది. రేకు మీద పెట్టిన వేళ్లు రేకంత నిమ్మళంగా ఉన్నాయి. ఎడమకు తిప్పాడు. స్వరం నిటారైంది, చెయ్యి మళ్లీ వణికింది.

సుదర్శన్ వెనక మూత విప్పి చూశాడు. "వైరు లేదు."

"మంచిగ మోగుతాంది గద."

"మోగుతాంది," అని సుదర్శన్ మూత బిగించాడు. ఇద్దరూ చాయ్ చెప్పుకున్నారు. తర్వాత ఆజం ఉలి తీసుకుని, చాలా నెలల తర్వాత ఒక్క అదురు లేకుండా, ఆ నాబ్ కింద 'వణుకు' అని చెక్కి, చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు వేశాడు. మేళం పేరుకు జాగా మిగల్లేదు.

ముసురుకు బస్సులు సరిగా లేక యాకయ్య రావడం ఆలస్యమైంది. అందాకా పెట్టెను ఆజం ఇంట్లోనే ఉంచారు, నాబ్ పది మీద ఉంచి, స్విచ్ ఆపి. మొదటి రెండు రోజులు బాగానే గడిచాయి. తర్వాత అలమరలో కప్పులు గలగలమనడం మొదలైంది. కిటికీ రెక్కలు అదిరాయి. గోడమీది బల్లి కూడా వణికింది.

"వణుకు యాడికన్న పోవాలె గద, సుమేరా అబ్బా," అంది షహజాదీ, కప్పుల కింద గుడ్డ పరుస్తూ. "లోపల పెట్టి తాళమేస్తే ఉంటదా? ఎవరన్న వాయించాలె."

వాయించడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. సుదర్శన్‌కు కట్టడమే వచ్చు. అయినా పెట్టె యాకయ్యతో పోయాక ఆజం దగ్గర ఇంకొకటి ఉండాలని అతను ఒక ఉపాయం చేశాడు. రెండో పలక ఒకటి తీసుకుని, కావాలనే అదే మూలన తప్పు రంధ్రం వేసి, వైరు లేని నాబ్ పెట్టాడు. ఎంత తిప్పినా అది ఉత్త నాబే.

"కావాలని చేసింది తప్పెట్లయితది భాయ్?" అని నవ్వాడు ఆజం.

యాకయ్య వచ్చినప్పుడు సంగతంతా చెప్పారు. ఆయన కండువాతో మొహం తుడుచుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆశ్చర్యపోయి కాదు, ఒగ్గుకథ గురించి.

"మల్లన్న తల్లి ఏడ్సే కాడ వణుకు గావాలె. గది మంచిగనే ఉంటది. గని మల్లన్న గుర్రమెక్కే కాడ సుతి వణకొద్దు. సున్నాకు తిప్పకుంటె గుర్రం బెదురుతది."

"అయితే తిప్పు కాకా."

"తిప్పితె నీ చెయ్యి?"

"తిప్పే ముందు ఫోన్ చెయ్యి. ఉలి కింద పెడ్త."

అలా ఒప్పందం కుదిరింది. ఎక్కువ కథలు జాతరల్లో పగటిపూటే జరిగేవి. పెట్టె మేళంలో మోగినంతకాలం కప్పులు నోరెత్తలేదు. మండిబజార్‌లో మధ్యాహ్నం ఆజం ఫోన్ మోగేది. "ఆజం భాయ్, గుర్రం తెస్తాన్రు!" అని యాకయ్య. ఆజం ఉలి పక్కన పెట్టి, వణికే చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఎదురుగా పూలమ్మే ఆవిడ "ఏం ఆజం భాయ్, గుర్రమెక్కిండా?" అని అడిగేది. మళ్లీ వేళ్లు నిమ్మళించగానే "దిగిండు" అని పనిలో పడేవాడు. నేమ్‌ప్లేటుకు తొందరపడే గిరాకీలకు కూడా ఇది అలవాటైంది. గుర్రం దిగిందాకా ఆగుతామనేవాళ్లు.

అందరికన్నా ముందు సుమేరా ఆగింది, ఇన్నాళ్లూ. ఆజం ఆమెను పిలిచి పక్కన పీట వేశాడు. ఆమె చెయ్యి మీద తన చెయ్యి పెట్టాడు. మొదట నిలువుగీతలు, తర్వాత సున్నాలు. సున్నాలే కష్టం. ఉలిని కాదు, రేకునే తిప్పుతూ పోవాలి, లేకపోతే వంపు దగ్గర పగులుతుంది.

"నీకు తొందరెక్కువ," అనేవాడు.

"నీకు తక్కువుంది గద అబ్బా, సమానమైతది."

మండిబజార్‌లో ఆడపిల్ల ఉలి పట్టి కూర్చోవడమేంటని ఒకరిద్దరు గొణిగారు. నాసిర్ వచ్చి, "మెషిన్ గీకే పనికి ఇంత కష్టం ఎందుకే?" అన్నాడు. సుమేరా తలెత్తకుండా, "నీ స్టిక్కర్ ఎండకు లేస్తాంది, చూస్కో పో," అంది.

ఆమె చెయ్యి కుదురుకుంటోంది. కానీ ఆజం తన చెయ్యి తీసేవాడు కాదు. గీత అంతా అయిందాకా పైన అలాగే ఉండేది. తీస్తే ఏమవుతుందో చూడడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు.

తర్వాతి ఏడాది వానల్లో ఒక రోజు, సుదర్శన్ కట్టిన కొత్త సింథ్‌కు పలక చేస్తున్నారు. అన్నిటికన్నా పెద్ద పలక, వారాల పని. చివరి నాబ్ చుట్టూ అంకెలు మిగిలాయి. చెరిపితే పోయే పని కాదు, గాటు జారితే రేకంతా పాడైనట్టే. ఆ రోజు పాలంపేట వైపు వానకు సిగ్నల్ పోయింది. యాకయ్య ఫోన్ మీద ఫోన్ కొట్టాడు, కలవలేదు. అక్కడ కథలో గుర్రాన్ని ఆపడం కుదరదు. జనం లేచి నిలబడ్డారు, డోలు అందుకుంది. యాకయ్య కళ్లు మూసుకుని నాబ్ సున్నాకు తిప్పాడు.

దుకాణంలో సుమేరా చెయ్యి మీదున్న ఆజం చెయ్యి ఒక్కసారిగా ఎగిరిపడింది. ఉలి మొన ఎనిమిది అంకె నడుము దగ్గర ఉంది. ఆజం చెయ్యి లాక్కోబోయాడు. సుమేరా లాక్కోనివ్వలేదు. ఎడమచేత్తో ఆ చేతిని తన మణికట్టుకేసి అదిమిపెట్టుకుంది. వణుకు ఆమె మోచేతి దాకా పాకింది. కానీ వేళ్ల దాకా దిగలేదు. ఒళ్లోని రేకును తొడతో నెమ్మదిగా తిప్పుతూ, ఎనిమిది పై సున్నా వంపంతా ఒకే బరువుతో చెక్కి మొన ఎత్తింది.

"అయింది అబ్బా. ఇగ చెయ్యి తియ్యి," అంది.

ఆజం కళ్లజోడు పెట్టుకుని పలకను వెలుతురుకు పట్టాడు. చెయ్యి వణుకుతుంటే పలక కూడా వణికింది, అందుకని సుమేరాయే పట్టుకుని చూపించింది. తనూ కలిసి చెక్కింది ఎక్కడిదాకానో, ఆమె ఒక్కతే చెక్కింది ఎక్కడి నుంచో ఆయనకు కనిపించలేదు. ఇంకో వైపు తిప్పమని అడిగి మళ్లీ చూశాడు.

సాయంత్రం సిగ్నల్ వచ్చాక యాకయ్య ఫోన్ చేశాడు. "మాఫ్ చెయ్యి భాయ్, ఎంత జేసినా కలవలే. ఏమన్న కరాబైందా?"

"ఏం కాలే కాకా. ఫికర్ చెయ్యకు. ఇగ ఫోన్ గూడ చెయ్యకు. నీకెట్ల గావాలంటె అట్ల తిప్పుకో."

"మరి నీ చెయ్యి?"

"దాంతోటి పనేముంది ఇప్పుడు?" అన్నాడు ఆజం.

అప్పటి నుంచి యాకయ్య కథ అడిగినట్టు తిప్పాడు. ఆజం దుకాణంలో కూర్చుని రేకులు రుద్దేవాడు. ఒకే దిక్కున రుద్దడానికి వణుకు అడ్డం కాదు. సుమేరా చెక్కింది. ఆమె చెక్కిన పలకల కోసం సుదర్శన్‌ను వెతుక్కుంటూ హైదరాబాద్ నుంచి కూడా మనుషులు వచ్చారు.

మొన్న చలికాలంలో ఆజం పోయాడు. దుకాణం, ఉలులు సుమేరాకు వచ్చాయి. షట్టర్ మీద బోర్డు ఆమే చెక్కుకుంది. స్కూటర్ నాసిర్‌కు వచ్చింది, దానికి నంబర్ ప్లేట్ స్టిక్కర్ వేసుకున్నాడు. కావాలని తప్పు వేసిన ఆ రెండో పలక సుదర్శన్ అడిగి తీసుకుని గోడకు తగిలించుకున్నాడు. వణుకు యాకయ్యకు మిగిలింది. మనిషి పోయినా అది పోలేదు, పది మీద పెడితే పెట్టె ఇప్పటికీ అలాగే వణుకుతుంది.

షహజాదీకి ఏమీ రాలేదు. ఆమె అడగనూ లేదు. కథ ఉందని తెలిసిన రోజున మాత్రం ములుగు బస్సెక్కి పోయి, ఆడవాళ్ల వరుసలో ముందు కూర్చుంటుంది. ఆ రోజు మల్లన్న గుర్రమెక్కినా సరే, యాకయ్య పది మీదున్న ఆ నాబ్ ముట్టడు.