దగ్గని పిల్ల

గుమ్మం ఎక్కకముందే ఘాటు ముక్కుకి తగిలింది. వీధిలో ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. లోపల మా చెల్లెలు భవ్యని నిప్పుల కుంపటి ముందు కూర్చోబెట్టి, రాఘవమ్మ పెద్దమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు వేస్తోంది. సంచీ గుమ్మంలోనే పడేసి లోపలికి ఉరికాను.

"చూశావా అఖిలా, ఒక్క దగ్గన్నా లేదు! లోపలున్నది మన పిల్ల కాదే," అంది పెద్దమ్మ, తనే ఉక్కిరిబిక్కిరవుతూ.

"మాత్రలేవమ్మా?" అని మా అమ్మని నిలదీశాను.

"పెంటకుప్పలో పారేశా. మూడు వారాలైంది. పిచ్చి మాత్రలు మింగే పిల్లని ఎవడు చేసుకుంటాడే? పైగా మెదడు మొద్దుబారుద్దంట."

మూడు వారాలు! స్కిజోఫ్రేనియా అనీ, మాత్రలు మాత్రం ఆపొద్దనీ గుంటూరు డాక్టరుగారు అమ్మనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పారు. నాలుగు నెలల మాత్రలకి భవ్య చెవుల్లో తిట్టిపోసే గొంతులు సద్దుమణిగాయి. మళ్లీ పనికి కూడా వెళ్లింది. నేను అత్తారింటి నుంచి రోజూ ఫోన్ చేసి "మాత్ర వేసుకుందా?" అంటే, "ఆఁ, వేసుకుంది" అని బొంకింది మా అమ్మ. కన్నతల్లి ఇంత పని చేస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

ఒళ్లు మండిపోయింది.

"నీకేమన్నా మతుందా పెద్దమ్మా? మేమిద్దరం ఎనిమిదేళ్లు కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమలు తీశాం. పొద్దస్తమానం ఆ ఘాటులోనే బతికాం. మాకు దగ్గేంటి? ఇదిగో చూడు!"

భవ్య పక్కనే చతికిలబడి, ఇంకో గుప్పెడు నేనే నిప్పుల్లో వేశాను. కళ్లు మండి నీళ్లు కారాయి గానీ దగ్గు రాలేదు. వీధిలో వాళ్లు తట్టుకోలేక దూరం జరిగారు. అందరి నోళ్లూ మూయించానని సంబరపడ్డాను.

పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసి మా అమ్మ చెయ్యి పట్టుకు లాగింది.

"ఒసేయ్ వెంకటరావమ్మా, ఇటు రావే! పెద్దదానికీ పట్టింది!"

కాదని అంటుందేమోనని అమ్మ వైపు చూశాను. అమ్మ గోడకి అతుక్కుపోయింది. నన్ను కన్న మనిషి నన్ను చూసి వణికిపోతోంది.

అంతలో భవ్య నా భుజం మీద చెయ్యి వేసింది. దాని మొహం విప్పారింది. నా చెవి దగ్గరికి వంగి, ఎంతో ఊరటగా అడిగింది.

"అయితే నీక్కూడా వినపడుతున్నాయా అక్కా, వాళ్ల మాటలు?"