పన్నెండో సీసా

ఆరోగ్య కేంద్రం మీటింగు హాల్లో ఆ రోజు పెద్ద సభ. జనం ఆరోగ్యం మీద చేసే పరిశోధనలు జనానికే ఉచితంగా అందాలని డైరెక్టరుగారి ఉపన్యాసం. ముందు వరసలో ఇస్త్రీ చీర కట్టుకుని, ఆ కేంద్రంలో ఆయాగా పనిచేసే నర్సమ్మ కూర్చుంది.

ఆవిడ వచ్చింది చప్పట్లు కొట్టడానికి కాదు. రెండేళ్ల కిందట పేటలోని పద్దెనిమిది కుళాయిల నీళ్లు సీసాల్లో పట్టి, నంబర్లు వేసి ల్యాబుకు పంపింది ఆవిడే. ఏ నంబరు ఏ కుళాయిదో ల్యాబుకు తెలియకూడదట, ఏ సీసాలో ఏం తేలిందో నర్సమ్మకు తెలియకూడదట. శాస్త్రం అంటే అంతేనట, కాదనడానికి మనమెవరం? ఫలితం అడిగితే, అచ్చయ్యేదాకా ఎవరూ నోరు మెదపొద్దన్నారు డైరెక్టరుగారు. అచ్చయింది. పెద్ద పత్రికలో, అంతకన్నా పెద్ద తాళం వెనకాల. ఈలోగా ఆవిడ మనవరాలికి నెల తిరక్కుండా మళ్లీ మళ్లీ విరేచనాలు. పిల్ల చిక్కి సగమైంది. ఏ కుళాయి మానాలో ఎవరూ చెప్పరు.

విజ్ఞానానికి తాళాలేమిటి, సిగ్గుచేటంటూ డైరెక్టరుగారు వేదిక మీది జగ్గులోంచి గ్లాసెడు నీళ్లు వంపుకుని గటగటా తాగారు. నర్సమ్మ లేచి, తమ పేట నీళ్ల వ్యాసం ఓసారి చూపించమంది. అంతకన్నా భాగ్యమా అంటూ ఆయన మీట నొక్కారు. తెర మీద ఆయన పేరు, పేరు వెనక బారెడు డిగ్రీలు, కింద తాళంకప్ప బొమ్మ. డబ్బు కడితేనే చదవనిస్తారట, రాసినాయనైనా సరే. హక్కులన్నీ పత్రికకే ధారపోసి వచ్చాడు మరి మహానుభావుడు! హాలంతా కిసుక్కున నవ్వింది. అనుమతి కోసం ఉత్తరం రాస్తానని చెప్పి, ఆయన ఏమీ జరగనట్టే ఉపన్యాసం అందుకున్నారు.

నర్సమ్మ పక్కన కూర్చున్న ల్యాబు టెక్నీషియన్‌కి ఒళ్లు మండింది.

"అచ్చయిపోయాక ఇంకా దాపరికమేంటమ్మా? పన్నెండో సీసాలో మురుగు కలిసింది. మిగతావన్నీ బానే ఉన్నాయి. అదెక్కడి కుళాయో మాత్రం నాకు తెలీదు" అన్నాడు మెల్లగా.

నర్సమ్మకు తెలుసు. అది ఈ హాలు గేటు పక్క కుళాయి. ఆవిడ ఇల్లు ఆ గేటుకెదురే. పొద్దున మనవరాలి మంచినీళ్ల సీసా నింపింది అక్కడే, ఆ చేత్తోనే వేదిక మీది జగ్గూ నింపింది. రెండేళ్లు! తన చేతులతో తనే పోసింది పిల్లకి. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

ముందు కూతురికి ఫోన్ చేసి, పిల్ల సీసా పారబొయ్యమంది. తర్వాత తిన్నగా వేదికెక్కింది. డైరెక్టరుగారు రెండో గ్లాసు నోటిదాకా తెచ్చారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"తాగకండి సార్."

"ఎందుకు? ఏముంది ఇందులో?"

"మీ వ్యాసంలో రాశారుగా సార్, చదువుకోండి" అని జగ్గు తీసుకుని కిందికి దిగింది.