మా ఇంటి వెనక గుర్రపుడెక్క

కార్తీక మాసంలో నేను వదిలే దీపం గంగమ్మకే చేరుతోందా అని చాలా ఏళ్లుగా నాకొక సందేహం. మా ఇల్లు తాడేపల్లిగూడెం చివర, పిల్లకాలవ గట్టు మీద ఉంది. పెరటి తలుపు తీస్తే మెట్లు, మెట్లు దిగితే నీళ్లు. అరటి దొప్పలో దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని వదిలితే అది కాస్త దూరం పోయి ఆగిపోతుంది. మా ఇంటి గొట్టం కాలవలోకి పోసేది అక్కడే. అంట్లు తోమిన నీళ్లు, బట్టల సబ్బు నురగ, అన్నీ అందులోంచే. ఆ నురగలో దీపం అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు సుందరమ్మగారిని అడిగాను. "గంగమ్మకి మైలేంటే? అందరి మైలా కడిగేది ఆవిడేగా," అన్నారు. అందరికీ కడిగే ఆవిణ్ణి ఎవరూ కడగక్కర్లేదా అని అడగాలనిపించింది. కొత్త కోడల్ని, అడగలేదు.

ఈ వేసవిలో నీళ్లు ఆపి కాలవలు కట్టేశాక మా ఆయనకి కాలవ మీద భక్తి పుట్టింది. ఆయనది ఉల్లిపాయల కమీషన్ కొట్టు. తోటి వర్తకుల్నీ, తెలిసిన మేష్టర్లనీ పోగేసి, ప్రతి ఆదివారం కాలవ నిండా అల్లుకున్న గుర్రపుడెక్క పీకించి, ఫొటోలు గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారు. మంచి పనే, కాదనను. నేనూ వస్తానండీ అన్నాను. "నువ్వొచ్చి ఏం పీకుతావు? ఉప్మా చేస్తున్నావుగా, అదీ సేవే," అన్నారు. సేవేనేమో. తెల్లారకముందే లేచి రవ్వ వేయించి, పచ్చడి రుబ్బి, కాఫీ కలిపి గట్టు మీదకి మోసుకెళ్తాను. వాళ్లు తిన్నాక గిన్నెలు తెచ్చి తోముతాను. తర్వాత ఆయన విప్పిన బురద బట్టలు. నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, అప్పుడు మెషీన్లో వేస్తాను. కాలవలోంచి ఇంటికొచ్చిన బురద నా చేతుల మీదుగా, సబ్బు కలుపుకుని, అదే గొట్టంలోంచి మళ్లీ కాలవలోకి పోతుంది. ఫొటోల్లో నేనెక్కడా లేను. నురగా లేదు.

వాడిన నీళ్లకి, కారు పెట్టే చోట ఇంకుడుగుంట తవ్విద్దామని ఏటా అడుగుతూనే ఉన్నాను. "తవ్వితే కారు నీ నెత్తిన పెట్టుకోనా?" అంటారాయన. "అయినా ఊళ్లో ఎవరి గొట్టం కాలవలో లేదు?" అని అత్తగారు. అడగడం మానేశాను గానీ, ఒకటి మాత్రం కనిపెడుతూనే ఉన్నాను. గట్టు పొడుగునా తుక్కంతా తీయిస్తున్న మనిషి, మా మెట్ల దగ్గరికొచ్చేసరికి "అక్కడ పాములున్నాయి, తర్వాత చూద్దాం" అంటున్నారు. ప్రతి ఆదివారం అదే మాట. అక్కడి గుర్రపుడెక్క దుబ్బు వెనకాలే మా గొట్టం ఉంది. గొట్టాన్ని మూయించడం కంటే కప్పెట్టడం తేలికనుకున్నారు.

నా బాధ దీపం ఒక్కటే కాదు. మాకు దిగువన, కాలవ లాకు దగ్గర నాగరత్నం ఉంటుంది. నేను కాపురానికొచ్చిన ఏడాది వరలక్ష్మీ వ్రతం నాడు కుళాయి రాలేదు. నేను వీధి గుమ్మంలో దిక్కులు చూస్తుంటే, ఆమె తను తాగడానికని కాలవలోంచి తోడి, చిల్లగింజ అరగదీసి తేర్చిన నీళ్లు రెండు బిందెలు మోసుకొచ్చింది. అత్తగారు గేటు బయటే దింపమన్నారు. ఆ నీళ్లతో వాకిలి కడిగించి, పూజకి పైవీధిలోని చుట్టాలింటి నుంచి తెప్పించారు. అవీ ఈ కాలవ నీళ్లే. నేను సిగ్గుపడి గేటు దాకా వెళ్లి, మళ్లీ ఇచ్చేస్తానండీ అన్నాను. "నీళ్లకి నీళ్లే ఇద్దురు గాని లెండి, అమ్మాయిగారూ," అని నవ్వి, ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఎన్ని వ్రతాలు చేసినా ఆ బిందెలు గుర్తొస్తూనే ఉంటాయి. తిరిగి ఇచ్చింది లేదు, పైగా ఆమె రేవులోకి రోజూ మా అంట్ల నీళ్లు పంపిస్తున్నాను. ఇప్పుడామె టిన్ను నీళ్లు కొనుక్కుంటోంది.

మొన్న ఆదివారం గట్టు మీద ఉప్మా వడ్డిస్తున్నాను. నాగరత్నం చూడ్డానికొచ్చి నిలబడింది.

"ఊరందరిదీ తీసేసి, మీ ఇంటెనకది మాత్రం ఉంచేశారేంటండీ రమణబాబుగారూ? పెంచుకుంటున్నారా?" అంది.

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వి, "పాములున్నాయి నాగరత్నం," అన్నారు.

"మాకు పాములొద్దని మీ దగ్గరే ఉంచుకున్నారన్నమాట. మంచివారండి."

గరిట గిన్నెలో పెట్టేశాను. కొంగు బిగించి, కుచ్చిళ్లు పైకి దోపి, అక్కడున్న కొడవలి తీసుకుని మా మెట్లు దిగాను. పెరటి గుమ్మంలోంచి అత్తగారు, "మగాళ్ల ముందు ఆ కాళ్లేంటే," అంటున్నారు. పిక్కల దాకా బురద. గుర్రపుడెక్క పైకి మెత్తగా కనిపిస్తుంది గానీ వేళ్లు జడల్లా అల్లుకుని వదలవు. కోసి లాగాను, మళ్లీ కోశాను. పాములేమీ లేవు. గొట్టం బయటపడింది. పొద్దున్నే మెషీన్లో వేసొచ్చిన బట్టల నురగ, అప్పుడే తెల్లగా ధారకట్టింది.

డ్రిల్లు మేష్టారు జోసెఫ్ గారు దగ్గరికొచ్చి, "ఇదెవరిది రమణగారూ?" అన్నారు.

మా ఆయన నా వైపు చూశారు. ఇన్నేళ్లలో ఆయన నన్ను సాయమడిగినట్టు చూడడం అదే మొదలు.

"మాదేనండి," అన్నాను.

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముందు కూర్చుని, "పదిమందిలో నా పరువు తీశావు," అన్నారు. "నీకు లోపమేం చేశాను?" అన్నారు. నేను వాదించలేదు. ఆ గొట్టంలో ఆయన పోసిందేమీ లేదు, పోసేదంతా నేనే. ఆ సాయంత్రమే సింకు కింద గొట్టం ఊడదీసి బక్కెట్టు పెట్టాను. మెషీన్ గొట్టం కారు పెట్టే చోటుకి తిప్పాను. నిండిన ప్రతి బక్కెట్టూ అక్కడే పోశాను. "పిచ్చెక్కిందా దీనికి," అన్నారు అత్తగారు. నడుం నొప్పెట్టింది, అయినా పోశాను. కొన్నాళ్లకి కారు చక్రాలు బురదలో కూరుకుపోయి కొట్టుకి టైముకి వెళ్లలేకపోయారు. ఆ మర్నాడు ఆయనే మనుషుల్ని పిలిచి గుంట తవ్వించి, గొట్టం అందులోకి తిప్పించారు. నాతో మాత్రం మాట్లాడలేదు. ఫొటో కూడా తీయలేదు.

కాలవకి నీళ్లు వదిలారు. స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, మా మెట్ల మీదే రెండు బిందెలు ముంచి, చిల్లగింజ అరగదీసి తేర్చాను. "ఎక్కడికే?" అన్నారు అత్తగారు. చెప్పాను. ఆవిడ బిందెల వైపు చూసి, గుమ్మంలోంచి పక్కకి జరిగారు.

ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని లాకు దగ్గరికి వెళ్లేసరికి చీర సగం తడిసింది. నాగరత్నం వాకిట్లో చేపలు కడుగుతోంది.

"ఇదేంటి అమ్మాయిగారూ," అంది.

"మీ నీళ్లండి. పైన ఇంకా ఎన్ని గొట్టాలున్నాయో, తాగడానికి పనికిరావేమో. మా గొట్టం మాత్రం మూసేశాం."

నేను గుమ్మం బయటే ఆగి, ఎక్కడ దింపమంటారని అడిగాను.

ఆమె లేచి చేతులు కడుక్కుని తలుపు పూర్తిగా తీసింది.

"లోపల దింపండి," అంది.