కందనకాయలో ఏముంది?

తెల్లారేసరికి రెండో కోడి కూడా చచ్చి పడి ఉంది. మా ఆయన దాన్ని కాళ్ళు పట్టుకుని ఎత్తి, పిట్టగోడ మీదుగా పక్కింటి దర్జీకి చూపించాడు.

"చూడు! నువ్వు విషం పెట్టి చేసిన ఘనకార్యం చూడు!"

దర్జీ పోయిన వారం మా పుంజు కూతకి నిద్ర చెడి, "దీని పీక నులిమేస్తా" అన్న మాట నిజమే. వీధంతా విన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం.

"కోపంలో అన్నాను బావా. అంతమాత్రాన విషం పెడతానా?"

"బావా లేదు, గీవా లేదు. పోలీసులొచ్చాక వాళ్ళతో చెప్పుకో." మా ఆయన ఫోన్ తీశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయనకి కోపం ముందు పుట్టి, బుద్ధి తర్వాత పుట్టింది. మా పాప చెయ్యి విరిగినప్పుడు కుడుతున్న బట్ట మిషన్ మీదే వదిలేసి ఆస్పత్రికి ఎత్తుకెళ్ళిన మనిషి ఈ దర్జీ. ఇంటికి పోలీసులొస్తే రేపటి నుంచి అతనికి బట్టలు ఎవరిస్తారు? అతని బతుకంతా ఆ మిషనే.

"ఆగండి," అంటూ కోడిని లాక్కున్నాను. "కోసి చూశాక చేద్దురుగాని ఫోన్."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ కోళ్ళు కోసింది ఎవరు, మీరా?"

గోడ అవతల జనం పోగయ్యారు. కోడి మెడ కింద మేతసంచి బిర్రుగా ఉబ్బి ఉంది. కందనకాయ చీల్చాను. లోపల మొక్కజొన్న గింజలు, వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఒక్కటీ నలగలేదు. వేలితో కెలికాను. ఇసుక రేణువు కూడా తగల్లేదు.

పుట్టింట్లో కందనకాయ కడిగిన ప్రతిసారీ సన్నసన్న రాళ్ళు రాలేవి. కోడికి పళ్ళుండవు కాబట్టి ఆ రాళ్ళే గింజని నూరిపెడతాయని అమ్మ చెప్పేది. మా పెరడు మొత్తం ఈ మధ్యే సిమెంటు చేయించాం. గీరుకోవడానికి చారెడు మట్టి లేదు. మిగిలింది గింజల్లో వచ్చే రాళ్ళే.

తలెత్తి చూశాను. గుమ్మంలో అత్తయ్య పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కోళ్ళ గింజల్లో రాళ్ళు ఏరుతోంది. రోజూ ఏరుతుంది. "నోరులేని జీవాలు, పైగా పళ్ళు లేవు. రాయి తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలీదూ!" అని బోసినోటితో నవ్వుతుంది.

చెబితే ఈ ముసలి ప్రాణం విలవిల్లాడుతుంది. చెప్పకపోతే దర్జీ పరువు బజారున పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏముంది దాంట్లో?" మా ఆయన అరిచాడు.

"గింజలున్నాయి. రాళ్ళు లేవు. రాళ్ళు లేక తిన్నది అరగలేదు. అందుకే చచ్చిపోయింది. మొన్నటిది కూడా అందుకే అయ్యుంటుంది."

అత్తయ్య చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది.

"అంటే... నేనే చంపానా?"

"అయ్యో, సిమెంటు చేయించింది మేమేగా అత్తయ్యా."

ఆవిడ వినిపించుకోలేదు. గోడ పట్టుకుని లేచి, ఏరిన రాళ్ళన్నీ దోసిట్లోకి తీసుకుని మిగిలిన కోళ్ళ ముందు పోసింది. అవి కరువులోంచి వచ్చినట్టు ఎగబడ్డాయి. అది చూసి ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు.

"పొరపాటైపోయింది బావా. మనసులో పెట్టుకోకు."

దర్జీ నవ్వలేదు.

"సరే. ఇందాక ఆ కందనకాయలో నాలుగు రాళ్ళు కనబడుంటే నన్నేం చేసేవాడివి?"

మా ఆయన తల దించుకున్నాడు. దర్జీ వెనక్కి తిరిగి తన మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.