ఉమ్మడి నడవ

మదనపల్లెలో కృష్ణప్ప ఇంటికి రెండు వాటాలు, వీధి తలుపు మాత్రం ఒక్కటే. తలుపు దాటగానే పొడవాటి నడవ. ఎవరైనా దాంట్లోంచే తిరగాలి. ముందు వాటాలో టమాటా మండీ వ్యాపారి మధుసూదన్, అతని భార్య ఇందిరమ్మ పదేళ్లుగా ఉంటున్నారు. 2002లో వెనక వాటాలోకి నారాయణమ్మ, ఆమె భర్త మారప్ప దిగారు. ఆమె నర్సు, అతను బస్సు డిపోలో మెకానిక్కు. ఇద్దరిదీ సదుం దగ్గరి పల్లె, ఇద్దరినీ తల్లిదండ్రులు కూలికి పోయి చదివించారు.

దిగిన రోజు నడవలో కాలు పెట్టే చోటు లేదు. ఖాళీ టమాటా క్రేట్లు, తెగిన చెప్పులు, దుమ్ము పట్టిన పేపర్ల కట్టలు. నారాయణమ్మ కొంగు దోపుకుని క్రేట్లన్నీ గోడవారగా పేర్చింది. మారప్ప పాత చెక్కలతో చెప్పుల స్టాండు చేశాడు. పై అర ముందు వాటాకు, కింది అర తమకు. రోజూ డ్యూటీకి పోయే ముందు ఆమె నడవంతా ఊడ్చేది, శుక్రవారం కడిగేది.

"నువ్వొచ్చినాక ఇల్లు ఇల్లు మాదిరి ఉండాది," అనేది ఇందిరమ్మ, నడవలోకి కాఫీ తెచ్చిస్తూ. ఆ మాట కోసం నారాయణమ్మ ఇంకో రెండు చీపుర్లు అరగదీసినా బాధపడేది కాదు.

రెండేళ్ల తర్వాత ఇందిరమ్మ కూతురు దీపను చూడడానికి వాల్మీకిపురం నుంచి మగపెళ్లివాళ్లు వస్తున్నారని తెలిసింది. ఆ రోజు నారాయణమ్మ సెలవు పెట్టి నడవ కడిగింది, గడప ముందు ముగ్గేసింది. పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు తీసుకుని వచ్చేసరికి వచ్చినవాళ్లు చెప్పులు విడుస్తున్నారు.

"ఎవురమ్మా ఈమె?" అని పెళ్లికొడుకు అవ్వ అడిగింది.

"వెనకాల ఉండారులే. నడవ ఊడుస్తాది," అంది ఇందిరమ్మ.

అవ్వ తన చెప్పులను కాలితో నారాయణమ్మ వైపు జరిపింది. "ఇవి ఆ పక్కన పెట్టు."

నారాయణమ్మ వంగి తీసి పెట్టింది. అందరూ లోపలికి వెళ్లారు. ఆమెను ఎవరూ రమ్మనలేదు. ఈ రెండేళ్లలో ఒక్కసారైనా ముందు వాటా లోపలికి తనను పిలవలేదని ఆమెకు అప్పుడే తట్టింది. అవ్వ మాటకన్నా, తన చేతులు తనను అడగకుండానే ఆ పని చేసేయడం ఆమెను ఎక్కువగా కోసింది.

మర్నాటి నుంచి ఆమె నడవ ముట్టుకోలేదు. రెండు వారాల్లో క్రేట్లు మళ్లీ దారికి అడ్డం వచ్చాయి.

"యాల నారాయణమ్మా, ఒళ్లు బాగలేదా?" అని అడిగింది ఇందిరమ్మ.

"బాగుండాను అక్కా. ఇంక మీదట ఒక వారం మీరు, ఒక వారం నేను చేద్దాం."

"నేను పొరక పట్టుకోని వీధి తలుపు కాడ నిలబడాలా? మీకైతే అలవాటైన పని."

"అలవాటు మా అమ్మకి. నాకు జీతమిచ్చేది సూదులేసేదానికి."

ఇందిరమ్మ మొహం మాడ్చుకుని తలుపేసుకుంది. ఆ ఆదివారం ఇంటి యజమాని కృష్ణప్ప వచ్చాడు.

"మీవాళ్లని పెట్టుకుంటే ఇల్లు ఇట్లే ఉంటాదని ఇందిరమ్మ చెప్తాండాది. వచ్చే నెల ఖాళీ చేయండమ్మా."

"ఆ క్రేట్లు ఎవురివో మీకు తెలీదా అప్పా?"

కృష్ణప్ప క్రేట్ల వైపు చూశాడు. తెలుసు. "వాళ్లు పాతోళ్లు," అని వెళ్లిపోయాడు.

నారాయణమ్మ పుంగనూరుకు బదిలీ చేయించుకుంది. మారప్ప రోజూ మదనపల్లె డిపోకు బస్సులో పోయి రావాల్సి వచ్చింది. అక్కడ మంచి ఉమ్మడి ఇళ్లు చూపించినా ఆమె ఒప్పుకోలేదు. ఊరి చివర, ఎండకు నిప్పులు కురిసే రేకుల గది తీసుకుంది. దానికి తలుపు వేరే.

మొదటి వారంలోనే పక్కింటి సుష్మ అనే పిల్ల చీపురు పట్టుకుని వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చింది.

"అక్కా, మన ముందర సందు ఇద్దరం కలిసి ఊడ్సుకుందామా?"

ఆ మొహంలో కల్మషం లేదని నారాయణమ్మకు కనిపిస్తూనే ఉంది.

"వద్దమ్మా. ఎవురిది వాళ్లు సూసుకుందాం," అంది.

పిల్ల చిన్నబోయి చీపురు కిందికి దించింది. నారాయణమ్మ తలుపు వేసుకుంది.